మాస్టారి స్కూటర్ బ్యాటరీ పాస్‌పోర్టు

పదింటికల్లా పాత కరెంటు స్కూటరు అమ్మేసి, పదకొండింటికి ఓ కునుకు తీయాలని డ్రాయింగు మాస్టారు పొద్దున్నే పథకం వేసుకున్నారు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఇక నడపలేరు. భార్య మాత్రం లేచిన దగ్గర్నుంచీ ఆ సీటే తుడుస్తోంది.

కొనడానికి బేకరీ ఆయన వచ్చాడు.

"పువ్వులా వాడుకున్నాను. బ్యాటరీ ఒక్కసారి కూడా విప్పింది లేదు," అన్నారు మాస్టారు.

బేకరీ ఆయన బ్యాటరీ మీది క్యూఆర్ కోడ్‌కి ఫోను చూపించాడు. బ్యాటరీ జాతకమంతా దాచే డిజిటల్ పాస్‌పోర్టట అది. మాస్టారు పదేళ్లుగా దాన్ని కంపెనీవాళ్ల ముగ్గనుకున్నారు.

"మూడుసార్లు విప్పినట్టుందండీ."

"అదంతా ఆ మెకానిక్ నిర్వాకం," అన్నారు మాస్టారు.

ఆ మెకానిక్ ఆయన చిన్ననాటి నేస్తం. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే రబ్బరు చెరో కొసా అరగదీసినవాళ్లు. మాస్టారు స్కూలుకి నడిచే వెళ్లేవారు. సాయంత్రం వచ్చి చూస్తే ఇంట్లో ఉన్న బండికి ఛార్జి సగం దిగిపోయి ఉండేది. నేస్తం మూడుసార్లు విప్పి, మూడుసార్లూ బాగానే ఉందన్నాడు. "చేతకాదని ఒప్పుకోవచ్చుగా," అని మాస్టారు నోరు జారారు. అంతే, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. విచిత్రంగా ఆ మర్నాటి నుంచే బ్యాటరీ బాగుపడింది. అది తన కోపం మహిమే అనుకున్నారాయన. కానీ నేస్తం మెకానిక్ షెడ్డులో చెప్పుకున్న సాయంకాలపు కబుర్లు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి.

"మొదటి ఏడాది రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా బండి తిరిగిందండీ," అన్నాడు బేకరీ ఆయన ఫోను చూస్తూ.

"అబద్ధం. ఆ టైములో నేను స్కూల్లో ఉండేవాణ్ణి."

"మెకానిక్ కూడా ఇందులో రాశారు. 'లోపం లేదు.' మళ్లీ 'లోపం లేదు.' మూడోసారి, 'లోపం లేదు. ఇంట్లో అడగమనండి.'"

సీటు తుడిచే చెయ్యి ఆగింది.

"నేనే," అంది ఆవిడ. "నేర్పమంటే 'నీకెందుకు, నేనున్నాగా' అన్నారు. ఆ మెకానిక్ అన్నయ్యగారి దగ్గరే నేర్చుకున్నా. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. బాగా వచ్చాక చెబుదామనుకునేలోపు మీరిద్దరూ తగువుపడి కూర్చున్నారు. ఇంక నోరు పెగల్లేదు, బండీ ముట్టుకోలేదు."

మాస్టారికి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. తొమ్మిదేళ్లు మాట పడి కూడా వాడు ఒట్టు తప్పలేదు.

"ఇంకా నడపడం వచ్చా?" అన్నారు మెల్లగా.

"తాళం ఇలా ఇవ్వండి."

"మరి నా బేరం?" అని బేకరీ ఆయన అడిగేసరికి, మాస్టారిని వెనక ఎక్కించుకుని ఆవిడ బండిని వీధి మలుపు తిప్పేసింది.

షెడ్డు ముందు తల నెరిసిన మెకానిక్ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "తప్పు నాదేరా," అన్నారు మాస్టారు బండి దిగకుండానే. మెకానిక్ చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి, బ్యాటరీ పాస్‌పోర్టులో నాలుగో మాట రాశాడు.

"లోపం దొరికింది. వెనక సీట్లో ఉంది."