ఇంద్రభవన్ నగర్‌కు బస్సు వచ్చింది

మా కాలనీకి సిటీ బస్సు వచ్చేదాకా తాను జన్మలో బస్సెక్కనని దయాకరన్న వినాయక మండపం స్టేజీ మీద శపథం చేశారు. ఆయనకు తెల్ల స్కార్పియో ఉంది. అయినా ప్రజల కోసం అంత కఠినమైన శపథం చేసిన నాయకుణ్ణి నేను అంతకుముందు చూడలేదు. మర్నాటికల్లా ఆ శపథం ఫ్లెక్సీ అయి కరెంటు స్తంభానికి వేలాడింది. అందులో అన్న ఒక చేత్తో సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఇంకా రాని మెట్రో రైలును మాకు చూపిస్తున్నారు.

ఇది ఉప్పల్ మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసిన కొత్తలో సంగతి. ఉప్పల్ దాటి చెంగిచెర్ల వైపు వెళ్తుంటే మెయిన్ రోడ్డు మీంచి లోపలికి పొడుగాటి గల్లీ ఒకటి పోతుంది. ఆ గల్లీయే ఇంద్రభవన్ నగర్. చివర కాస్త ఖాళీ జాగా, దాని వెనక ఎవరిదో ఎత్తయిన గోడ. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా అదొక్కటే దారి. నేను అందులో ఉప్పలయ్యగారి ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. దయాకరన్నకు ఈసారి కార్పొరేటర్ టికెట్ ఖాయమని స్వయంగా ఆయనే చెప్పారు కాబట్టి మేమందరం నమ్మాం.

బస్సు అవసరం అందరికీ ఉంది గానీ సారలమ్మకున్నంత ఎవరికీ లేదు. ఆమె గల్లీ చివర రేకుల గదిలో ఉంటుంది. నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. పొద్దున గేటు మూసేలోగా చేరకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. మెయిన్ రోడ్డు దాకా పరుగు, అక్కడ షేర్ ఆటో కోసం కొట్లాట, అందులో సగం ఒళ్ళు లోపల, సగం బయట. పాపం, మనిషి నలభై దాటకముందే మోకాళ్ళు పట్టుకుని లేస్తుంది.

"జర బస్సు తెప్పియ్యన్నా. ఈ ఉరుకుడు నాతోని అయితలేదు" అని స్టేజీ దగ్గరే అడిగింది.

"నీ మోకాళ్ళ ఫికర్ నాకిడిసిపెట్టక్కా" అన్నారు అన్న. ఆ మాటతో ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను చప్పట్లు కొట్టాను.

అన్న మమ్మల్ని వెంటబెట్టుకుని డిపోకు వెళ్ళారు. అక్కడ త్రిమూర్తులుగారని రూట్లు చూసే ఆఫీసరు. కాలనీ మ్యాపు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఒంటి అంతస్తు ఇళ్ళకి బస్సేంటండీ? డ్రైవరూ కండక్టరూ కబుర్లు చెప్పుకుంటూ తిరిగొస్తారు. డెన్సిటీ ఉండాలండీ. డెన్సిటీ తీసుకురండి, బస్సు తీసుకెళ్ళండి."

అన్న చాలా గంభీరంగా నమస్కారం పెట్టి బయటికి వచ్చి, నన్ను పక్కకు పిలిచారు.

"సార్, డెన్సిటీ అంటే ఏంది?"

"ఉన్న జాగాలో ఎంతమంది జనం ఉన్నారని లెక్కండీ."

"గంతేనా? జనమే గదా. తెప్పిద్దాం తీ."

ఆ ఆదివారమే షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అన్న పద్ధతిలో చేతులెత్తడం ముందు, ప్రశ్న తర్వాత. దానివల్ల చాలా సమయం కలిసొస్తుంది, మిరపకాయ బజ్జీలు చల్లారవు. అందరూ చేతులెత్తాక అన్న మైకు అందుకున్నారు.

"మా బావ సింగపూర్ పోయొచ్చిండు. ఆడ జాగ లేదంట. అందుకని పైకి పోయిన్రు. మనమెందుకు పోవద్దు? మీ ఇండ్ల మీద పిల్లర్లకు ఇనుప సువ్వలు ఎందుకిడిసిన్రు? పావురాలు కూసోనీకా?"

మా అందరికీ సిగ్గేసింది. నిజమే, కాలనీలో ఒక్కో ఇంటి కప్పు మీదా చువ్వలు ఏళ్ళ తరబడి తుప్పు పడుతూ పై అంతస్తు కోసం ఎదురుచూస్తున్నాయి.

ఉప్పలయ్యగారి ఎదురింటి కమలకుమారిగారు రిటైరైన టీచరు. ఆవిడ లేచి, "మరి డ్రైనేజీ సరిపోతుందా దయాకర్ గారూ?" అని అడిగారు.

"మేడం, డ్రైనేజీ కిందికి పోతది. మనం పైకి పోతున్నం. రెండిటికీ లడాయే లేదు."

"పర్మిషన్?"

"కట్టినంక రెగ్యులరైజ్ చేసే స్కీమ్ వస్తది. అసలు కట్టకపోతే దేన్ని రెగ్యులరైజ్ జేస్తరు మేడం? పాపం, సర్కారు స్కీమ్ ఫెయిలైపోతది."

ప్రభుత్వం మీద అంత జాలి చూపిన నాయకుడి ముందు ఎవరు నోరెత్తగలరు. దసరా వెళ్ళేసరికి గల్లీ పొడుగునా ఇసుక కుప్పలే. ఉప్పలయ్యగారు ఇంటి మీద రెండు అంతస్తులూ, ఆ పైన ఒక పెంట్‌హౌసూ లేపారు. ప్రతి అంతస్తుకూ అద్దెకొచ్చేవాళ్ళు విడిగా మెట్లు అడుగుతారు. కాంపౌండులో మిగిలిన జాగాలో అప్పటికే ఒక గది వేసి అద్దెకిచ్చారు. ఈశాన్యంలో మెట్లు పెడితే ఇల్లు కూలినా కూలుతుందని వాస్తు సిద్ధాంతి భయపెట్టాడు. అన్ని దిక్కులూ మూసుకుపోయాక మిగిలింది రోడ్డు. మెట్లు సింహాసనం మెట్లంత వెడల్పుగా రోడ్డు మీదికి దిగాయి.

"ఉప్పలయ్యగారూ, మనం కడుతున్నది బస్సు కోసం కదా. ఈ మెట్లుంటే బస్సెలా వస్తుందండీ?" అన్నాను.

ఆయన కొంచెం ఖంగు తిని నన్ను అన్న దగ్గరికి తీసుకెళ్ళారు. అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రోడ్డు సర్కారుదే, బస్సు సర్కారుదే. ఆళ్ళాళ్ళు సూసుకుంటరు. నడిమిట్ల మనకెందుకు?"

ఆ మాట గల్లీ అంతా పాకింది. ఎదురింట్లో కమలకుమారిగారు, ఉప్పలయ్యగారు ఎంత ముందుకొచ్చారో కొలిపించుకుని, తానూ అంతే ముందుకొచ్చారు. "ఒకరికో న్యాయం, ఒకరికో న్యాయం ఉండకూడదు కదా బాబూ" అన్నారు నాతో. విద్యార్థులకు అన్నేళ్ళు సమానత్వం బోధించిన మనిషి మరి.

ఏడాది తిరిగేసరికి డెన్సిటీ వచ్చేసింది. అంబర్‌పేట్ నుంచీ రామంతాపూర్ నుంచీ జనం అద్దెలకు దిగారు. త్రిమూర్తులుగారు గల్లీ మొదట్లో నిలబడి, అంతస్తంతస్తుకూ ఆరేసిన బట్టలు చూసి, "ఇది డెన్సిటీ అంటేనండీ" అని సంతకం పెట్టేశారు.

ప్రారంభోత్సవం నాడు బస్సుకు బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు, ముందు డప్పులు. సారలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, బంపర్‌కు బొట్టు పెట్టింది. డ్రైవరు దిగి గల్లీలోకి చూసి, మళ్ళీ ఎక్కలేదు.

"పట్టదన్నా" అన్నాడు.

"పడ్తది. గింతమంది జనం పట్టిన్రు, ఒక్క బస్సు పట్టదా?" అని అన్న అతణ్ణి సీట్లోకి ఎక్కించి, స్వయంగా ముందు నడుస్తూ, "రానీ, రానీ, రైట్" అంటూ బస్సును లోపలికి పిలిచారు. బస్సు సగం గల్లీ దాకా ఎంతో మర్యాదగా వచ్చింది. అక్కడ ఎడమవైపు ఉప్పలయ్యగారి మెట్లు, కుడివైపు కమలకుమారిగారి మెట్లు దాన్ని చెరో పక్కా పట్టుకున్నాయి. ముందుకు రాదు, వెనక్కి పోదు. డప్పులవాళ్ళు మాత్రం ఆపలేదు, వాళ్ళను గంట లెక్కన మాట్లాడారు.

బస్సు కదలాలంటే ఎవరో ఒకరి మెట్లు పగలాలి. "నా మెట్లు వలగ్గొడ్తే పైన కిరాయోళ్ళు ఎట్ల దిగుతరు? తాడు పట్టుకోనా?" అన్నారు ఉప్పలయ్యగారు. కమలకుమారిగారు మాటలతో సరిపెట్టకుండా కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చారు. తీర్పు వచ్చేదాకా మెట్లనూ బస్సునూ ఉన్నచోటు నుంచి కదిలించకూడదట. డిపోవాళ్ళు ఆ కాగితం చదివి, బస్సుకు ఒక కండక్టరును మాత్రం ఉంచి, డ్రైవరును వేరే రూటుకు పంపించారు.

ఇబ్బందేమిటంటే, బస్సుకు అటూ ఇటూ పిల్లి కూడా పట్టే సందు లేదు. లోపలివాళ్ళు బయటికి రావాలంటే బస్సు ముందు డోరులో ఎక్కి, వెనక డోరులో దిగాల్సిందే. మొదటి రోజు పొద్దునే కండక్టరు సారలమ్మను ఆపాడు.

"టికెట్."

"నేను ఏడికి పోతలేనన్నా. ఇట్ల ఎక్కి అట్ల దిగుతున్న."

"ఎక్కినవా లేదా? ఎక్కినోళ్ళకు టికెట్ కొట్టాలె. రూల్ నేను పెట్టలే."

అలా కాలనీ మొత్తం పొద్దునా సాయంత్రం బస్సు ప్రయాణం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి మా బస్సు ఆక్యుపెన్సీలో, అంటే ఎక్కిన జనం లెక్కలో, డిపోకే మొదటిదయింది. పైగా ఇన్నాళ్ళలో చుక్క డీజిల్ తాగలేదు, ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు. త్రిమూర్తులుగారికి ఇంధన పొదుపు అవార్డు ఇచ్చి శాలువా కప్పారు. దయాకరన్న విలేకరులను పిలిచి బస్సు మెట్టు మీద నిలబడి ఫొటో దిగారు. "సింగపూర్‌ల గూడ బస్సు వస్తది, పోతది. జనం కోసం ఇరవై నాలుగు గంటలు ఆగే బస్సు మన దగ్గరనే ఉన్నది" అన్నారు. ఆయన లోపలికి మాత్రం ఎక్కలేదు. మర్నాడు ఆ ఫొటో జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది.

ఆ మర్నాడే నాకు నాచారంలో పని పడింది. సారలమ్మా నేనూ ఒకే సమయానికి బయల్దేరాం. బస్సు దాటడానికి క్యూలో నిలబడి, టికెట్లు తీసుకుని, వెనక డోరులో దిగి, మెయిన్ రోడ్డు దాకా నడిచి, షేర్ ఆటోలో వేలాడుతూ ఫ్యాక్టరీ దగ్గరికి చేరేసరికి సూపర్‌వైజరు గేటు సగం మూశాడు. చేతిలో ఆ ఫొటో వచ్చిన నిన్నటి పేపరు ఉంది.

"ఇన్ని దినాలు మీ కాలనీకి బస్సు లేదని పది నిమిషాలు ఓర్సుకున్న. ఇగ బస్సొచ్చె గదా" అన్నాడు.

"అది కదలదు సారూ" అంది సారలమ్మ.

"ఎక్కినవా, ఎక్కలేదా?"

ఆమెకు అబద్ధం చేతకాదు. గుప్పిట్లో నలిగిన టికెట్ తీసి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ సరిచూసుకుని, మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు.

"టికెట్ గూడ తీసుకున్నవు. మరి బస్సు దిగినంక గింత సేపు ఏడ తిరిగినవమ్మా?" అని గేటు వేసేశాడు.