క్యారేజీ సాక్ష్యం

సోమవారం ఉదయం వీరవేణి అనుకున్న పని చిన్నదే. ఎనిమిదిన్నరకల్లా దొండకాయ వేపుడు, మామిడికాయ పప్పు, చారు, ఉడికించిన గుడ్డు క్యారేజీలో సర్ది భర్తను ఆఫీసుకు పంపించాలి. సాయంత్రం ఆ క్యారేజీ ఇంటికి రాగానే వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టి, మూతలు ఒక్కొక్కటే తీస్తూ తన నూట పద్నాలుగో వీడియో చెయ్యాలి. ఆరు దాటితే కడియం వీధుల్లో మొక్కల లారీలు కదులుతాయి. వాటి హారన్లు మొదలయ్యేలోపే అది అయిపోవాలి.

ఆమెది వంటల ఛానెల్ కాదు. వండటం అందరూ చూపిస్తున్నారు, తిన్నాక ఏం మిగిలిందో ఎవరూ చూపించటం లేదని ఏడాదిన్నర క్రితం ఆమెకు తోచింది. భర్త సత్యప్రసాద్ ధవళేశ్వరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో ఏం జరిగిందంటే "ఏముంటుంది" అనే మనిషి. అందుకని ఆమె క్యారేజీనే అడగటం మొదలుపెట్టింది. చారు మిగిలితే ఆ రోజు పని ఒత్తిడి. పెరుగు గిన్నె అద్దంలా మెరుస్తుంటే మనసు కుదుటగా ఉంది. వంకాయ అంచున ఒక్క కొరుకు కొరికి వదిలేస్తే ఎవరితోనో మాటా మాటా అనుకున్నారు. ప్రతి వీడియోనూ ఒకటే మాటతో మొదలుపెట్టేది. "ఆయన చెప్పరు. క్యారేజీ చెబుతుంది." పదమూడు వందల మంది చూసేవారు. వాళ్ళలో చాలామందికి ఏమీ చెప్పని భర్తలు ఉన్నారు.

తొమ్మిది గంటలకు పక్కింటి సంపూర్ణమ్మ నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెట్టటం మధ్యలో ఆపి, తడి చేతులతోనే ఫోను పట్టుకుని వచ్చింది.

"ఇదేంటి వేణీ, నిన్ను టీవీలో వేస్తున్నారా?" అంది.

హైదరాబాదులో ఒక పెద్ద టీవీ సంస్థ కొత్త సీరియల్ ప్రకటన అది. పట్టుచీర కట్టుకున్న హీరోయిన్ వెండిలా మెరిసే క్యారేజీ మూత ఎత్తి అందులోకి అనుమానంగా చూస్తోంది. పేరు 'కళావతి క్యారేజీ'. కింద పెద్ద అక్షరాలతో ఉంది: 'భర్త చెప్పడు. క్యారేజీ చెబుతుంది.'

వీరవేణి రెండుసార్లు చూసింది. మొదట ఆమెకు కోపం రాలేదు. ఆ అమ్మాయి మూత పట్టుకున్న తీరు తప్పు, అలా పడితే చారు ఒలుకుతుంది అనుకుంది.

"నీ మాటే కదమ్మా ఇది. నీ క్యారేజీ, నీ మొగుడు. వాళ్ళకి పట్టుచీర ఉంది, అంతే తేడా. ఊరుకుంటావా?" అంది సంపూర్ణమ్మ.

"వాళ్ళకీ తట్టిందేమోనండి."

"అంత పెద్ద కంపెనీకి నీకు తట్టిందే తట్టాలా?"

మధ్యాహ్నానికి ఆ మాట వీరవేణి మనసులో బాగా నానింది. మూడు గంటలకు సంపూర్ణమ్మ ఆ ప్రకటన కింద 'ఇది కడియం వీరవేణి గారి ఐడియా' అని వ్యాఖ్య పెట్టింది. నాలుగింటికి దాని కింద మరో అరవై చేరాయి. సాయంత్రం సత్యప్రసాద్ వచ్చేసరికి వీరవేణి క్యారేజీ ముట్టుకోకుండా తెల్లకాగితాలు, పెన్ను బల్ల మీద పెట్టి కూర్చుంది.

"మీరు ఇరవై ఏళ్ళ నుంచి డ్రాఫ్టులు రాస్తున్నారు. నాకోసం ఒకటి రాయండి" అంది.

సత్యప్రసాద్ సంగతంతా విని, చెప్పులు విప్పటం మర్చిపోయాడు. "ఎందుకు వేణీ, పెద్దవాళ్ళతో. రుజువులు అడుగుతారు. వీడియోలన్నీ చూస్తారు" అన్నాడు.

"చూడనివ్వండి. చూడాలనే కదా తీసింది."

"అది కాదు. ఇంటి సంగతులు..."

"పదమూడు వందల మందికి తెలిసిన సంగతులేగా."

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఉత్తరం రాశాడు. సర్వీసులో నేర్చుకున్న విద్యంతా అందులో పెట్టాడు. అంటే, చదివినవాడు ఏమీ చెయ్యనవసరం లేకుండా రాశాడు. తమ విలువైన కాలాన్ని హరించినందుకు మన్నించవలసిందిగా కోరుతూ మొదలుపెట్టి, పోలికలు యాదృచ్ఛికములు కూడా కావచ్చునని ఒప్పుకుని, 'అవసరమని భావించిన యెడల తగు విచారణ జరుపుకొనవచ్చును' అని ముగించాడు. ఆయన ఆఫీసులో ఆ వాక్యం రాశారంటే ఆ ఫైలు మళ్ళీ లేవదు.

కానీ హైదరాబాదులో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివారు. ఆ పాటికి వీరవేణి ఛానెల్ చూసేవారు ఇరవై వేలు దాటారు. ఐదో రోజున ఫోను వచ్చింది. విచారణకు తమ లాయరు రమ్యశ్రీ గారు మంగళవారం వస్తున్నారనీ, ఇంట్లో వీడియోలు తీసే చోటూ, ఆఫీసులో భర్తగారు భోజనం చేసే చోటూ చూస్తారనీ చెప్పారు.

"ఆఫీసులోకి బయటివాళ్ళని రానివ్వరు" అన్నాడు సత్యప్రసాద్ వెంటనే.

వీరవేణి ఆయన సూపరింటెండెంటు ప్రసన్నకుమార్ గారికి ఫోను చేసింది. రోజూ భోజనానికి ఇంటికి వెళ్ళిపోయే ప్రసన్నకుమార్ గారు, తమ సెక్షన్‌కు టీవీ వాళ్ళు రావటం ఇదే మొదటిసారనీ, మంగళవారం ఇంటికి వెళ్ళకుండా తానే దగ్గరుండి చూసుకుంటాననీ అన్నారు.

సోమవారం సత్యప్రసాద్ ఆఫీసులో అటెండరు యెహెజ్కేలును వరండా చివరికి తీసుకెళ్ళాడు. యెహెజ్కేలుకు రిటైర్మెంటు ఇంకో ఏడాదే. నెమ్మదైన మనిషి.

"రేపు మధ్యాహ్నం మీరు కాస్త బయటికి వెళ్ళిరండి. బ్యాంకు పనో ఏదో" అన్నాడు సత్యప్రసాద్.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు యెహెజ్కేలు. ఎందుకని అడగలేదు.

మంగళవారం ఒంటిగంటకు సెక్షన్‌లో ఒక బల్ల ఖాళీ చేసి దాని మీద పూల గుడ్డ పరిచారు. రమ్యశ్రీ ముప్పై ఏళ్ళ అమ్మాయి, కాటన్ చీరలో, చేతిలో చిన్న నోటుబుక్కుతో వచ్చింది. నూట పదమూడు వీడియోలూ చూశానని చెప్పింది. వీరవేణికి అప్పటికే ఆమె మీద సగం కోపం పోయింది. వీరవేణి వెంట సంపూర్ణమ్మ సాక్షిగా వచ్చి ఫ్యాను కింద కూర్చుంది. ప్రసన్నకుమార్ గారు మంచినీళ్ళు అందించటానికి ఒకళ్ళుండాలని, గేటు దాటుతున్న యెహెజ్కేలును వెనక్కి పిలిపించారు.

"మామూలుగా ఎలా తింటారో అలాగే తినండి సార్. నేను చూస్తానంతే" అంది రమ్యశ్రీ.

సత్యప్రసాద్ క్యారేజీ ముందుకు లాక్కున్నాడు. ఏడాది క్రితం అది స్కూటరు మీంచి కింద పడి పక్క కమ్మీ కొంచెం వంగింది. ఎడమవైపు బొటనవేలితో నొక్కి పట్టుకుని పైకి లేపితే గాని రాదు. సత్యప్రసాద్ కుడివైపు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని లాగాడు. పూల గుడ్డ సగం బల్ల మీంచి జారింది. ప్రసన్నకుమార్ గారు స్క్రూడ్రైవరు తెప్పించమంటారా అని అడిగారు.

యెహెజ్కేలు చూసి చూసి ఉండలేకపోయాడు. ముందుకొచ్చి, క్యారేజీ తీసుకుని, ఎడమవైపు బొటనవేలితో నొక్కి ఒక్కసారి పైకి లేపాడు. గిన్నెలు విడివడ్డాయి. పైగిన్నె మూత తియ్యకుండానే, "మంగళవారం కదండీ, తోటకూర" అన్నాడు. మూత తీస్తే తోటకూరే.

వీరవేణి ఆ చేతి వంక చూసింది. తర్వాత భర్త చేతుల వంక చూసింది. ఏడాదిన్నరలో ఆమె కనిపెట్టిన మొదటి నిజం అదే.

రమ్యశ్రీ మాత్రం నోటుబుక్కు తిప్పుతూ ఉంది. "సార్, మీ వీడియోల్లో అందరూ ఎక్కువ చూసింది గుడ్డు గురించింది. మొన్న వేసవికి ముందు నలభై రోజులు మీ క్యారేజీలో గుడ్డు ముట్టకుండా వెనక్కొచ్చింది. మీరు మేడం ఆరోగ్యం కోసం చెప్పకుండా వ్రతం పట్టారని మేడం అన్నారు. నిజమేనా సార్?"

ఆ వీడియో తీసినప్పుడు వీరవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెబితే వ్రతఫలం పోతుందేమోనని భర్తను ఇప్పటిదాకా అడగలేదు. ఆ నలభై రోజులూ రోజుకో గుడ్డు ఉడికించి, వెనక్కి వచ్చినదాన్ని తాకి చూసుకుని మురిసిపోయింది.

సత్యప్రసాద్ తోటకూర వంక చూస్తూ, "ఆరోగ్యం కోసమే" అన్నాడు. ఎవరి ఆరోగ్యమో చెప్పలేదు.

"యెహెజ్కేలు గారూ, మీరు చెప్పండి" అంది వీరవేణి మెల్లగా.

యెహెజ్కేలు చేతిలోని నీళ్ళ జగ్గు బల్ల మీద పెట్టాడు. "నేను అబద్ధం ఆడలేనమ్మా. అవి మాకు లెంటు దినాలండి. ఈస్టరు దాకా నేను మాంసం, గుడ్డు ముట్టను. పారెయ్యటానికి మనసొప్పక అలాగే వెనక్కి పంపాను."

సంపూర్ణమ్మ ఫ్యాను వేగం తగ్గించింది, సరిగా వినపడాలని.

మిగతాది సత్యప్రసాదే చెప్పాడు. రెండేళ్ళ క్రితం ఎవరిదో రిటైర్మెంటు భోజనం. ఆ రోజు క్యారేజీ నిండుగా ఇంటికి తీసుకెళ్తే వీరవేణి బాధపడుతుందని యెహెజ్కేలుకు ఇచ్చాడు. ఆయన భార్య సువార్తమ్మ బడిలో ఆయా, పొద్దున్నే వెళ్ళిపోతుంది. అందుకని ఆయన మధ్యాహ్నం టీ, బన్నుతో సరిపెట్టుకునేవాడు. ఖాళీ క్యారేజీ చూసి ఆ సాయంత్రం వీరవేణి ముఖం వెలిగిపోయింది. మర్నాడు కూడా ఇచ్చాడు. తను బ్యారేజీ దగ్గర మెస్సులో వేడన్నం తినటం మొదలుపెట్టాడు.

"నీ ముఖం చూసి చెప్పలేకపోయాను" అన్నాడు.

"రెండేళ్ళా?"

"రోజూ చెబుదామనే అనుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి చెప్పటం ఇంకా కష్టమైపోయేది."

వీరవేణి కాసేపు కిటికీలోంచి కాలవ వైపు చూసింది. నూట పదమూడు వీడియోలు. భర్త మనసు కుదుటపడిందని సంతోషించిన రోజులు, ఎవరితో తగువు పడ్డారోనని నిద్రపట్టని రోజులు. అవన్నీ ఇంకొకరి ఆకలి మీద చెప్పిన జోస్యాలు.

"పోయిన కార్తీకంలో వారం రోజులు అన్నం సగం సగం వచ్చింది యెహెజ్కేలు గారూ. ఆఫీసులో ఏదో దిగులని వీడియోలో చెప్పాను" అంది.

"మా అమ్మాయి రూతుకి జ్వరమండి. హాస్పిటల్లో పెట్టాం. మీరు దిగులన్నారా?" యెహెజ్కేలు ఆశ్చర్యపోయాడు. "సరిగ్గానే చెప్పారమ్మా."

"ఇప్పుడు బాగుందా?"

"బాగుందండి."

"కూరలు ఎలా ఉండేవి?"

యెహెజ్కేలు కొంచెం ఆలోచించాడు. "పప్పుకి ఎదురు లేదండి. వంకాయలో ఉప్పు ఒక పిసరు తక్కువ. అందుకే ఒక్కోసారి కొరికి వదిలేసేవాణ్ణి. రెండేళ్ళ నుంచి చెబుదామనుకుంటున్నాను గానీ, ఎలా చెప్పాలో తెలియలేదండి."

ఆమెకు నవ్వు వచ్చింది. భర్త వైపు తిరిగేసరికి పోయింది. "నా కేసు పోయినట్టే కదా మేడం. పదండి, బస్సుకి టైమవుతుంది" అని లేచింది.

రమ్యశ్రీ లేవలేదు. వేగంగా ఏదో రాసుకుంటోంది.

"ఆగండి వీరవేణి గారూ. మా వాళ్ళు నన్ను పంపింది ఒక మాట తేల్చుకు రమ్మని. ఇది మీ ఇంట్లో రోజూ నిజంగా జరిగేదైతే అందులో మీ సొంతం ఏమీ లేదు. ఇళ్ళల్లో జరిగేది ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా సీరియల్ తియ్యొచ్చు. మా రచయిత కూడా ఇది వాళ్ళ మేనత్తగారింట్లో చూసిందే అని రాసిచ్చాడు."

"మరి?"

"మీ ఇంట్లో ఇది జరగనే లేదు కదండీ." రమ్యశ్రీ ఫోను తీసి, వాళ్ళ సీరియల్ కథల జాబితా తెరిచింది. "ఇదిగో, పదకొండో ఎపిసోడ్. కళావతి భర్త ఆమె ఆరోగ్యం కోసం రహస్యంగా వ్రతం పడతాడు. నలభై రోజులు. గుడ్డు వెనక్కొస్తుంది. జరిగిన సంగతైతే ఇద్దరికీ తట్టిందనుకోవచ్చు. ఇది ఎక్కడా జరగలేదు, మీరు పొరబడ్డారు. మీ పొరపాటు మా రచయిత మేనత్తగారింటికి ఎలా వెళ్ళిందో ఆయన్నే అడగాలి."

సంపూర్ణమ్మకు సగమే అర్థమైనా, మంచి సంగతేనని తెలిసింది.

"అంటే, నిజం చెప్పి ఉంటే నాకేమీ ఉండేది కాదా?" అంది వీరవేణి.

"ఏమీ ఉండేది కాదండి. ఆ భర్త, ఆ వ్రతం, ఆ దిగుళ్ళు, అన్నీ మీరు ఊహించుకున్నవే. కాబట్టి మీవే. నేను అలాగే రిపోర్టు రాస్తాను" అంటూ రమ్యశ్రీ నోటుబుక్కు మూసింది. తర్వాత తోటకూర గిన్నె వంక చూసి, పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఒప్పుకుంది. ఆ రోజు క్యారేజీని ఆమె, యెహెజ్కేలు పంచుకున్నారు.

సత్యప్రసాద్ మెస్సుకు వెళ్ళటానికి మొహం చెల్లక, ఒక అరటిపండు తిని ఫైళ్ళు చూసుకున్నాడు.

ఇంట్లో వారం రోజులు మాటలు తక్కువగానే నడిచాయి. ఆ వారం వీరవేణి వీడియోలు చెయ్యలేదు. వంట మాత్రం మానలేదు. ఎనిమిదో రోజు ఆమె క్యారేజీ మీద రంగుతో 'యెహెజ్కేలు గారు' అని రాసి సత్యప్రసాద్ స్కూటరుకు తగిలించింది. "మీరు మెస్సులోనే తినండి. ఇది మాత్రం జాగ్రత్తగా ఇచ్చి, జాగ్రత్తగా తెండి" అంది. వంకాయలో ఉప్పు పెంచింది. సాయంత్రం ఫోను ముందు నిలబడి, తను ఎక్కడ పొరబడిందో దాచకుండా చెప్పి, ఇక నుంచి ఒక పెద్దమనిషి ఆకలి గురించి మాట్లాడతానంది. అది ఇంకా ఎక్కువమంది చూశారు.

రెండు నెలలకు సీరియల్ మొదలైంది. రచయిత మారాడు. టైటిల్స్‌లో 'మూలకథ: వీరవేణి, కడియం' అని వచ్చినప్పుడు సంపూర్ణమ్మ టీవీ ఆపి మళ్ళీ పెట్టి చూద్దామంది గానీ, టీవీలో అలా కుదరదని తెలిసి కూర్చుంది. మర్నాడు రాజమండ్రి నుంచి విలేకరి వచ్చాడు. సత్యప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం పక్కన ఫొటోలో పడేలా నిలబడ్డాడు.

"భార్య కోసం అంత తపించే భర్త పాత్ర మీవారిని చూసి రాసిందేనాండి?" అని అడిగాడు విలేకరి.

వీరవేణి ఒకసారి గుమ్మం వైపు చూసింది.

"లేదండి. ఆ పాత్ర పూర్తిగా కల్పితం" అంది.