బేయా బుగ్గలో తెల్లమచ్చ

నాబుల్ ఊళ్ళో మిరపకాయలు ఎర్రబడ్డాయంటే బేయాకు ఊపిరి సలపదు. వీధి మొత్తానికి హరీసా కారం నూరేది ఆమే, నాలుక మీద వేసుకుని ఉప్పు తేల్చేదీ ఆమే. అందుకే ఆ మంగళవారం పొద్దున్నే అంతా అనుకుని బయల్దేరింది. ఎనిమిదికి నొప్పి పెడుతున్న దవడపన్ను పీకించుకోవాలి, పదికల్లా వచ్చి కాయలు నానబెట్టాలి.

పళ్ళ డాక్టరు నోట్లోకి చూసి, పట్టుకారు కింద పెట్టేశాడు.

"పన్నుకేం కాలేదు. బుగ్గలో ఈ తెల్లమచ్చేంటి? ఏమైనా పెట్టావా?"

"అబ్బే, ఏం పెట్టలేదు," అంది బేయా. ఇంటి వైద్యమంటే ఆయన ఇంతెత్తున లేస్తాడు మరి.

"అయితే పెద్దాసుపత్రిలో రఫీకా డాక్టరమ్మ దగ్గరికెళ్ళు. నోటి జబ్బులు చూడ్డమే ఆవిడ పని. రేపే వెళ్ళు."

పళ్ళ డాక్టరు పన్ను పీకకుండా పంపేశాడంటే అది కాన్సరేనని తీర్మానించడానికి వీధికి గంట పట్టలేదు. సాయంత్రానికి పక్కింటి ముంజియా, కూతురి పెళ్ళికని ఆరేళ్ళ కిందట పట్టుకెళ్ళిన కుస్కుస్ వండే కుండను తళతళా తోమి తెచ్చింది.

"వదినా, నన్ను క్షమించానను! రేపు దేవుడి ముందు ఈ కుండ సంగతి ఎత్తకు!"

అంతదాకా ధైర్యంగానే ఉన్న బేయా కుండను చూడగానే గడప మీద కూలబడింది. ముంజియా కుండ తిరిగిచ్చిందంటే ఇక తన పని అయిపోయినట్టే.

మర్నాడు ఆమె వెంట వీధి వీధంతా ఆసుపత్రికి కదిలింది. రఫీకా వయసులో చిన్నదే, కానీ నిదానస్తురాలు. మచ్చ చూసింది, మెడ తడిమింది, దవడ నొక్కింది.

"పిన్నీ, నేను తిట్టను. నోట్లో ఏమేం పెట్టావో చెప్పు."

బేయా తలొంచుకుంది. "వారంగా రోజూ బుగ్గలో ఓ ఆస్పిరిన్ బిళ్ళ. మా ముంజియా వదిన ప్రేమగా ఇచ్చింది. కాదంటే నొచ్చుకుంటుందనీ..."

"యా రబ్బీ, దేవుడా!" గుమ్మంలో ముంజియా నెత్తి కొట్టుకుంది.

"అది మింగే బిళ్ళ పిన్నీ. బుగ్గలో పెడితే చర్మం కాలుతుంది. కాన్సర్‌లా లేదు, కాలినట్టే ఉంది. రెండు వారాల్లో తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయిద్దాం. అది సరే, రోజంతా ఏం నములుతావు?"

బేయా సంచిలోంచి పొద్దుతిరుగుడు గింజల పొట్లం బయటపడింది.

"నొప్పి పన్నుది కాదు, దవడ కీలుది. గింజలు మానెయ్. పన్ను నీదే."

రెండు వారాలకు మచ్చా పోయింది, నొప్పీ పోయింది. ఆ ఏటి మొదటి హరీసా సీసాను బేయా డాక్టరమ్మ చేతిలో పెట్టి, ఆమె తల ముద్దు పెట్టుకుంది.

"నా పన్ను నిలబెట్టావు, నా ప్రాణం కుదుటపరిచావు. నీ కడుపు చల్లగుండ తల్లీ! పదిహేను రోజులు చావు భయంతో బతికినదాన్ని, నిన్నెలా మర్చిపోతాను?"

ఈ వార్తకు వీధిలో అందరికన్నా ఎక్కువ సంతోషించింది ముంజియా. బేయాను కావలించుకుని వలవలా ఏడ్చి, దేవుడికి వేయి దండాలు పెట్టి, వెళ్తూ వెళ్తూ కుండ పట్టుకెళ్ళింది.