ఖాళీ గారి విభాగం

పదకొండేళ్లుగా పెదలంకపాలెం హైస్కూల్లో ఫిజిక్సు విభాగానికి అధిపతిగా ఒక ఖాళీ పనిచేస్తోంది.

ఇందులో వింతేమీ లేదు. పాత ఫిజిక్సు మాస్టారు పూలదండ వేయించుకుని రిటైరై వెళ్లిన మర్నాడే, ప్రార్థన గంటకి ముందే, ఖాళీ వచ్చి ఆ కుర్చీలో చేరింది. సిఫార్సు లేదు, ఆలస్యం లేదు. మొదట్లో అందరూ 'ఫిజిక్సు ఖాళీ' అనేవారు. కొన్నాళ్లకి పిల్లల నోట 'ఖాళీ సారు' అయింది. సర్వీసు పెరిగేకొద్దీ మర్యాద పెరగడం మనవాళ్లకి అలవాటే కనుక స్టాఫ్ రూములో 'ఖాళీ గారు' అయిపోయారు. విభాగంలో ఉన్నవి రెండు పోస్టులు. రెండోదాంట్లోకి వచ్చినవాళ్లు వచ్చినట్టే బదిలీ చేయించుకుని పోయేవారు. కదలకుండా ఉన్నది ఖాళీ గారొక్కరే. సీనియారిటీ ప్రకారం విభాగం ఆయన చేతికి వచ్చింది.

ఆ మాటకొస్తే ఆయన మీద చెడ్డమాట చెప్పినవాళ్లు లేరు. చీటీలు కట్టించరు, వడ్డీలకి తిప్పరు, యూనియన్ గొడవల్లో తలదూర్చరు. సెలవు పెట్టరు. ఆయన చెప్పే 'ఏ' సెక్షన్లో పాఠం అర్థం కాలేదన్న ఫిర్యాదు ఎన్నడూ రాలేదు, అర్థం కావడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు గనక. పిల్లలు గైడు బట్టీపట్టి రాసేవారు, అందరూ గట్టెక్కేవారు. ఒక ఏడాది ఉత్తమ ఉపాధ్యాయుడి సన్మానం వస్తే, అటెండరు ధనరాజు కుర్చీని బస్సు మీదకెక్కించి తీసుకెళ్లి, దానికి శాలువా కప్పించి తీసుకొచ్చాడు. ఆ శాలువా ఇప్పటికీ కుర్చీ వీపు మీదే ఉంది.

అలాంటి విభాగంలోకి ఎస్తేరు రాణి టీచర్ వచ్చిపడింది.

హెడ్మాస్టరు వీరభద్రరాజు గారు లెక్కల మనిషి. ఎటకారం లేకుండా మంచినీళ్లు కూడా అడగలేరు. "రండి టీచరమ్మగారూ, రండి. ముందెళ్లి మీ హెచ్చోడీ గారిని, అదే, మీ విభాగాధిపతి గారిని కలవండి. మర్యాద కదండి" అన్నారు.

ఎస్తేరు టీచర్ ఫిజిక్సు గదిలోకి వెళ్లింది. చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి, చేతుల్లేని చిన్న కుర్చీ ఒకటి. పెద్ద కుర్చీ ముందు బల్లమీద వేడి టీ గ్లాసు పొగలు కక్కుతోంది. కాసేపు చూసి వెనక్కి వచ్చింది.

"అక్కడ ఎవరూ లేరండి సార్."

"లేరు కదండి మరి. అదే ఆయన గొప్పతనం."

"అయితే విభాగం నేనే చూసుకుంటానండి. మనిషన్నదాన్ని నేనొక్కదాన్నే కదండి."

"భలేవారండి బాబూ! నిన్నగాక మొన్న వచ్చిన మీరు, పదకొండేళ్ల సర్వీసున్న పెద్దాయన్ని దాటేస్తానంటే ఎలాగండి? రేపు ఇంకో ఖాళీ వచ్చి మిమ్మల్ని దాటేస్తే మీ మనసుకెలా ఉంటుంది?"

టీచర్ వెళ్లి చిన్న కుర్చీలో కూర్చుంది. ధనరాజు చల్లారిన టీ తీసుకెళ్లి వరండా చివర కుండీలో పారబోశాడు. రోజూ చేసే పనే.

ఎస్తేరు టీచర్‌కి కావలసినది నిజానికి అధికారం కాదు, ల్యాబు తలుపు. లోపల బీరువాలో కుంభాకార కటకాలున్నాయి. అరచేతిలో ఇమిడే గాజుబిళ్లలు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బయట ఉన్న కొబ్బరిచెట్లు తలకిందులై ఎదుటి గోడమీద పడతాయి. తను చదువుకున్న బడిలో ఆ కిరణాల బొమ్మని స్కేలు పెట్టి ఎన్నిసార్లు గీసిందో! కళ్లారా చూసింది మాత్రం బీయెడ్‌లో. ఆ రోజు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు ఆపారా అని ఒళ్లు మండిపోయింది. తన పదో తరగతి పిల్లలు బడి దాటి వెళ్లేలోగా ఆ బొమ్మ చూసి తీరాలి. ఆమె పట్టుదల అదొక్కటే.

పిల్లల్లో కుసుమకి ఆత్రం మరీ ఎక్కువ. దాని తండ్రి పెద్దిరాజు కొబ్బరి దింపు తీస్తాడు. బడి వెనక తోటలో చెట్లెక్కుతూ దిగుతూ కనిపిస్తుంటాడు.

"నిజంగా తలకిందులుగా పడుద్దాండి టీచర్? చెట్టుమీద మా నాన్నుంటే మా నాన్న కూడానాండి?"

"మీ నాన్న కూడా."

"అయితే పైకెక్కుతుంటే కిందకి దిగుతున్నట్టు ఉంటాడాండి?"

"నువ్వే చూద్దువుగానిలే."

ల్యాబు తెరవాలంటే విభాగాధిపతి ఒప్పుకోవాలి. టీచర్ పెద్ద కుర్చీ ముందు నిలబడి అడిగింది. ఖాళీ గారు మాట్లాడలేదు. సంగతి విన్న హెడ్మాస్టరు మొహం విప్పారింది.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అంటే సగం ఒప్పుకున్నట్టే కదండి. ఒరే ధనరాజూ, ఒక రెక్క తియ్యరా."

ధనరాజు ల్యాబు తలుపుకున్న రెండు రెక్కల్లో ఒకటి తీశాడు. సగం అంగీకారానికి సగం ప్రవేశమే న్యాయం కనుక, పిల్లలు కాళ్లు వరండాలో ఉంచి నడుము దాకా లోపలికి వంగారు. బీరువా ఎదుటి గోడకి ఉంది. బూజు కనిపించింది గానీ కటకాలు కనిపించలేదు.

మర్నాడు టీచర్ మళ్లీ అడిగింది. ఖాళీ గారు మళ్లీ మౌనం. "సగమూ సగమూ కలిస్తే ఒకటి కదండి సార్" అంది ఆశగా.

"అమ్మమ్మ, ఎంతమాట! నిన్నటి సగం నిన్నే వాడేశారు. మిగిలింది సగం. ఇవాళ ఆ సగానికి సగం. అంటే ముప్పాతికండి."

ఆ పై రోజు మిగిలిన పాతికలో సగం. ఇలా అడుగుతూ పోతే తలుపు తెరుచుకుంటూనే ఉంటుందనీ, పూర్తిగా మాత్రం ఎన్నటికీ తెరుచుకోదనీ ఆయన బల్లమీద వేలితో గీసి మరీ చూపించారు. లెక్కలో తప్పు లేదు. తప్పుంటే దెబ్బలాడేది. పిల్లలు రోజుకి కాస్త చొప్పున లోపలికి జరిగి, చివరికి ఒక్క మడమ మాత్రం గడప బయట ఉంచి బీరువా కేసి చేతులు చాచారు. జానెడు దూరంలో ఆగిపోయారు.

ఈలోగా తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. పెద్దిరాజు తలపాగా విప్పి చేత్తో పట్టుకుని లేచాడు.

"మా పిల్లని ఖాళీ సారు సెక్షన్లో ఏసేయండి బాబూ. ఇంటికాడ ప్రశ్నలతో పేణం తీసేత్తందండి. మొన్న అన్నం కాడ కూకుని, నాన్నా, చెట్టుమీంచి నువ్వూ కొబ్బరిగెలా ఒకేసారి జారితే ఎవరు ముందు నేలమీదకొత్తారని అడిగిందండి. ఆడపిల్ల అడగాల్సిన మాటేనాండి అది?"

సభ మొత్తం అయ్యయ్యో అంది. ఖాళీ సారు పిల్లలు ఇంటికెళ్లి నోరెత్తరని తక్కినవాళ్లు సాక్ష్యం చెప్పారు. సంవత్సరం మధ్యలో సెక్షన్ మార్పు కుదరదు కనుక కుసుమ టీచర్ దగ్గరే ఉండిపోయింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. టీచర్ తెగించి ఒకరోజు వెళ్లి పెద్ద కుర్చీలోనే కూర్చుంది. ధనరాజు గుండె బాదుకుంటూ పరిగెత్తి హెడ్మాస్టర్ని తీసుకొచ్చాడు. ఆయన కంగారు పడలేదు.

"కూర్చోండి, దానికేం. ఖాళీ గారు పెద్దమనిషి కనుక ఆడకూతురికి సీటిచ్చి పక్కకి జరిగారు. అదుగో, మీ చిన్న కుర్చీలో ఉన్నారు చూడండి. సర్వీసు మనిషి వెంట వెళుతుంది గానీ కుర్చీ వెంట వెళ్లదు కదండి. అధిపతి ఇప్పుడూ ఆయనే."

టీచర్ చూసింది. చిన్న కుర్చీ ఖాళీగా ఉంది. లేచి అందులో కూర్చుంటే పెద్దది ఖాళీ అవుతుంది. రెండు కుర్చీలూ నిండితే తప్ప ఈ పీడ వదలదని ఆమెకి అప్పుడు తట్టింది. కానీ రెండో మనిషి ఎవరు? ధనరాజు కూర్చుంటే తాళం తీసేవాడి చోటు ఖాళీ. హెడ్మాస్టర్ని అడిగితే చెవులు మూసుకున్నారు. "నేనొచ్చి ఇక్కడ కూర్చుంటే అక్కడ ఆయన హెడ్మాస్టరైపోతారండి తల్లీ!"

పిలిస్తే ఎందుకని అడక్కుండా వచ్చేది కుసుమ ఒక్కతే. అన్ని ప్రశ్నలేసే పిల్ల, ఆ ఒక్కటీ అడగలేదు. మర్నాడు ఎండ బాగా కాస్తున్న వేళ పెద్ద కుర్చీలో టీచర్, చిన్న కుర్చీలో కుసుమ కూర్చున్నారు.

"మరి ఖాళీ గారేరండి?" అన్నారు హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి.

ధనరాజు బడంతా వెతికి వచ్చాడు. "ఉన్నారండి. పదో తరగతి బీ సెక్షన్లో, రెండో బెంచీ మీదండి. ఈ పిల్ల చోట్లో."

"అయితే క్లాసు తనిఖీకి వెళ్లారన్నమాట. అధిపతి తనిఖీలో ఉండగా ఆ కుర్చీలో ఉన్నవారే ఇన్‌చార్జి. సంతకం పెట్టండి టీచరమ్మగారూ. ఒక్కటే షరతండోయ్. ఇద్దరిలో ఎవరు లేచినా ఆయన చటుక్కున వచ్చేస్తారు."

టీచర్ సంతకం పెట్టింది. ధనరాజు వెళ్లి వరండా అవతల ల్యాబు రెండు రెక్కలూ బార్లా తీశాడు. బీ సెక్షన్ మొత్తం గడప దాటి ల్యాబులోకి దూకింది. ఏం చెయ్యాలో టీచర్ ముందే చెప్పి ఉంచింది కనుక ఎవరో బీరువా తెరిచారు, ఎవరో కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. అంతే, బడి కప్పు ఎగిరిపోయేలా కేకలు.

"ఓలమ్మో! చెట్లు! తలకిందులు!"

"ఒరేయ్, కుసుమోళ్ల నాన్నరా! కిందకి ఎక్కుతున్నాడు! కిందకి!"

కుసుమ కుర్చీ అంచుకి జరిగింది, అక్కణ్ణించి ఆ గోడ కనపడదు. రెండు చేతులూ కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. టీచర్‌కి అప్పుడు తెలిసింది తను ఎవర్ని కూర్చోబెట్టిందో. ఇంకొకర్ని పంపమని ధనరాజుని కేకేసింది గానీ, ఆ గోలలో అతనికి వినపడలేదు. అతను కూడా గోడకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎలా ఉంటాదండి టీచర్?" అంది కుసుమ.

టీచర్ ఒక కాగితం లాక్కుని కటకం గీసింది. అటు నిలువు బాణం, మధ్యలో కిరణాలు, ఇటు తలకిందులైన బాణం. పిల్ల చేతికి ఇచ్చింది. కుసుమ మర్యాదగా చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఇది నాకు తెలుసండి టీచర్. గైడులో ఉందండి."

ఆ రోజుతో ఆపేద్దామనే టీచర్ అనుకుంది. కానీ 'ఏ' సెక్షన్ పిల్లలు ఇంకా చూడలేదు, తొమ్మిదో తరగతి చూడలేదు. ఇంతమంది చూడ్డానికి ఒక్క పిల్ల కూర్చుంటే ఏమైంది అనిపించింది. కుసుమ రోజూ పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చునేది, సాయంత్రం గంట కొట్టాక ఇంటికి వెళ్లేది. పరీక్షల రోజుల్లోనూ అంతే. దాని చోట్లో ఖాళీ గారే పరీక్ష రాశారు. కుసుమకి ఫిజిక్సులో మండలానికే మొదటి మార్కు వచ్చింది.

రెండో బెంచీకి హెడ్మాస్టరు శాలువా కప్పారు. పెద్దిరాజు ఊరంతా లడ్డూలు పంచాడు. "మా పిల్ల ఎంత మారిపోయిందోనండి. ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగదండి" అని కళ్లు తుడుచుకున్నాడు. గోడమీద చెట్లు చూసిన పిల్లల కంటే కుర్చీలో కూర్చున్న పిల్లకే ఎక్కువ మార్కులు రావడం ఊళ్లో ఎవరి దృష్టీ దాటిపోలేదు. వేసవి సెలవులు కాగానే తల్లిదండ్రులు ఎమ్మెల్యే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, మా వాణ్ణి చిన్న కుర్చీలో కూర్చోబెట్టండని బతిమాలారు. టీచర్ ల్యాబులోకి పంపుతానంటే మాత్రం, పబ్లిక్ పరీక్షలున్న ఏడాదిలో అవన్నీ ఎందుకండీ అన్నారు. పోటీ తట్టుకోలేక హెడ్మాస్టరు ఇంకొన్ని కుర్చీలు తెప్పించారు.

బడి తెరిచిన వారానికి కుసుమ టీసీ కోసం వచ్చింది. టీచర్ పెద్ద కుర్చీలో ఉంది. చుట్టూ కుర్చీల్లో పిల్లలు కుదురుగా కూర్చున్నారు. వరండా అవతల ల్యాబు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇప్పుడు పొద్దస్తమానం తెరిచే ఉంటున్నాయి. కిటికీలో ఎవరో స్టాండుకి బిగించి వదిలేసిన కటకం ఉంది. ఎదుటి గోడమీద కొబ్బరిచెట్లు తలకిందులుగా ఊగుతున్నాయి. చూసేవాళ్లు లేరు.

"కుసుమా, వెళ్లి చూడమ్మా. అడుగో, మీ నాన్న కూడా చెట్టు మీదున్నాడు" అంది టీచర్. "నేను లేవకూడదు గానీ, నువ్వెళ్లు."

కుసుమ ల్యాబు కేసి చూసి, టీసీని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టుకుంది.

"ఇప్పుడెందుకండి టీచర్. పరీక్షలైపోయాయి కదండి."

నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ధనరాజు వచ్చి పెద్ద కుర్చీ ముందు ఉన్న టీ గ్లాసు ముట్టుకుని చూశాడు. చల్లారిపోయింది. ఏమీ అడక్కుండా తీసుకెళ్లి కుండీలో పారబోశాడు.