క్రిమి నిర్మూలన వారం

రాళ్ళగుంటపాలెం గ్రామంలో ముసలితనం రద్దు చేయడమైనదని ఒక బుధవారం పొద్దున్నే టముకు వేశారు. సర్పంచి మల్లికార్జునరావుగారి ఉత్తర్వు అది. బోరింగు చెడితే బాగుచేయడానికి ఆర్నెల్లు పట్టే ఊళ్ళో ముసలితనం ఒక్క పూటలో రద్దయింది.

కొత్తగా మండలాలు వచ్చిన రోజులవి. అధ్యక్ష పదవికి యువకులకే టిక్కెట్టని పార్టీవారు ప్రకటించారు. మల్లికార్జునరావుగారికి యాభై ఆరు. ఆ సంగతి ఆయన జుట్టుకు వేసే రంగుకు తప్ప అందరికీ తెలుసు. టిక్కెట్టు వస్తే కోటప్పకొండ మెట్లెక్కి వస్తానని ఆయన భార్య సీతమ్మ మొక్కుకుంది. ఎంత పతిభక్తి అని ఊరు మెచ్చుకుంది. టిక్కెట్టు రాకపోతే ఆయన రోజంతా ఇంట్లోనే ఉంటారు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పప్పులో ఉప్పెప్పుడు వేయాలో చెబుతారు. కిందటేడు కాలు బెణికి ఆయన ఇంటిపట్టున ఉన్న కొద్దిరోజుల్లోనే సీతమ్మ పాపిట నెరిసింది. భక్తి అలా కుదిరింది.

అప్పుడే నరసరావుపేట నుంచి ఒక లెక్చరరుగారు వచ్చి బడిలో ఉపన్యసించారు. మనిషి పేగుల్లో కోట్లాది క్రిములున్నాయనీ, మనం తొందరగా ముసలివాళ్ళమవడానికి అవీ కారణం కావచ్చుననీ సెలవిచ్చారు. అంతవరకు విని మల్లికార్జునరావుగారు లేచారు. మెడలో దండ పడ్డాక కూడా సభలో కూర్చునేవాణ్ణి నాయకుడని ఎవరంటారు? ఆ క్రిముల్లో మంచివీ ఉంటాయనీ, పెరుగూ, కుండలో పులిసిన తరవాణీ వాటికి పుట్టిళ్ళనీ లెక్చరరుగారు ఆ తర్వాత చెప్పారు. అది విన్నది కదిలితే బెత్తం తగిలే బడిపిల్లలూ, ఆడవాళ్ళ వైపు కూర్చున్న సీతమ్మా.

"మంచి క్రిములు కూడా ఉంటాయంటండీ," అంది ఇంటికొచ్చాక.

"క్రిముల్లో మంచియ్యేందే? అపోజిషన్లో మంచోళ్ళుంటారా? ఇదీ అంతే."

టముకు వేయించి క్రిమి నిర్మూలన వారోత్సవం మొదలుపెట్టారు. "సోదర సోదరీమణులారా! తెల్లోళ్ళనే తరిమినోళ్ళం, ఈ క్రిములొక లెక్కా?" అన్నారు సర్పంచిగారు. చప్పట్లు మోగాయి. కార్యకర్తలు జీపేసుకుని ఇంటింటికీ వెళ్ళి తరవాణి కుండలు పగలగొట్టారు. పెరుగు గిన్నెల్లో బ్లీచింగు పొడి చల్లారు. సీతమ్మ కాపురానికొచ్చిన నాడు పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఒక్కనాడూ తప్పకుండా కాపాడుకొస్తున్న తోడు తొలి బలి. ఆ గౌరవార్థం మొదటి చెంచా సర్పంచిగారే స్వహస్తాలతో వేశారు. ఫొటో కూడా తీశారు.

సొంత పొట్టను శుద్ధి చేయడానికి ఆయన ఆరెంపీ డాక్టరు ఇచ్చిన రెండు రంగుల గొట్టం మాత్రలు పూటపూటా మింగారు. వారం తిరిగేసరికి చెంబు కింద పెట్టే తీరిక లేకపోయింది. బుగ్గలు లోపలికి, కళ్ళు ఇంకా లోపలికి పోయాయి. యువకుడు కాబోయినాయన తాతగారయ్యారు. పార్టీ పెద్దల ముందు నిలబడవలసింది పై వారమే. పైగా ఇప్పుడాయన ఇంట్లోనే ఉన్నారు. గుమ్మంలో కుర్చీ పడింది.

"ఏమే, ఏదన్నా చెయ్యవే!"

"పెరుగన్నం తినండి."

"అయితే పెట్టు మరి!"

పెరుగుండాలంటే తోడుండాలి. ఊళ్ళో ఏ ఇంటా లేదు. సీతమ్మ పాలలో మిరపకాయ తొడిమలు వేసింది, చింతపండు వేసింది. పాలు విరిగాయి గానీ తోడుకోలేదు. పక్కూరి నుంచి తెప్పిద్దామంటే అది ఎదుటి పార్టీ ఊరు, నిప్పు కూడా అడగకూడదు.

చావిడి ఊడుస్తున్న మార్తమ్మ వింది. "మా ఇంట్లో ఉందమ్మా. మీరు ఇచ్చిన తోడేగా. మా కాలనీకి జీపు రాలా."

రాకపోవడానికి కారణం పూర్తిగా పరిపాలనాపరమైనది. నాపరాళ్ళ క్వారీ పక్కనున్న ఆ కాలనీకి సర్పంచిగారు ఎప్పుడో కాగితం మీద చక్కటి రోడ్డు వేయించారు. జీపులు కాగితం మీద నడవవు.

మార్తమ్మ గిన్నె సీతమ్మ గడప దాటకూడదు గనుక సీతమ్మ గిన్నే కాలనీకి వెళ్ళాలి. ఎవరూ చూడకుండా మసక చీకట్లో వెళ్ళింది.

"దీపాలు పెట్టినాక తోడియ్యకూడదు గదమ్మా," అంది మార్తమ్మ నొచ్చుకుంటూ. "మొన్న నేనడిగితే మీరే జెప్పారు. పొద్దున్నే రాండి."

మర్నాడు పట్టపగలు బయల్దేరక తప్పలేదు. దారిలో గురవమ్మ ఎదురైంది, దూడ తప్పిపోయిందట. హనుమాయమ్మ గాలి పీల్చుకోవడానికి వచ్చిందట, క్వారీ దుమ్ములో. ఎవరి పైట కింద చూసినా ఒక గిన్నె ఉబ్బెత్తుగా ఉంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. మర్యాద తెలిసిన ఊరు.

మార్తమ్మ గరిటె ఎత్తి పట్టుకుని చాలా పైనుంచి పోసింది. "తగల్లేదులేమ్మా," అని ధైర్యం కూడా చెప్పింది. ఇన్నేళ్ళుగా సీతమ్మ తనకు మజ్జిగ పోసే పద్ధతి అదే మరి. సీతమ్మ గిన్నె మీద పైట కప్పుకుని ఇంటిదారి పట్టింది.

పెరుగన్నంతో సర్పంచిగారు తేరుకున్నారు. బుగ్గలు తిరిగొచ్చాయి, టిక్కెట్టూ వచ్చింది. "మా ఊళ్ళో క్రిమి అన్నది లేకుండా చేశా గనకే నాకీ యవ్వనం!" అని సభలో చాటారు. కుర్చీ గుమ్మం వదిలి మండలాఫీసుకు వెళ్ళింది. సీతమ్మ కొండ మెట్లెక్కి మొక్కు తీర్చుకుంది.

ఇప్పుడు రాళ్ళగుంటపాలెంలో పెద్ద కులం, చిన్న కులం అనకుండా అందరి పేగుల్లోనూ కాలనీ క్రిములే కాపురముంటున్నాయి. టీ హోటల్లో మాత్రం కాలనీవాళ్ళ గ్లాసులు విడిగానే బోర్లించి ఉన్నాయి. పాపం, క్రిములు చదువుకున్నవి కావు, వాటికి ఆ నియమం తెలియదు. సీతమ్మ మార్తమ్మకు మజ్జిగ ఇప్పటికీ పైనుంచే పోస్తోంది, ఎత్తు బెత్తెడు తగ్గించి. సంస్కరణలు నిదానంగా రావాలి.

అన్నట్టు, ఈ పూట మీరు కలుపుకునే పెరుగు ఎవరింటి తోడో ఒకసారి కనుక్కోండి. అడిగేటప్పుడు మాత్రం గొంతు తగ్గించండి. పొట్టలో ఉన్నవాళ్ళు వింటే బాధపడతారు.