చెదపుట్టకు సీసీ పనులు

"చెదపుట్ట అంటే మట్టికుప్ప కాదు, వన్యప్రాణుల అపార్ట్‌మెంట్" అని పుట్టల సంరక్షణ మండలి చైర్మన్ రామ్‌కిషన్ గారు జహీరాబాద్ ప్రెస్‌మీట్‌లో ప్రకటించగానే విలేకరులందరం చప్పట్లు కొట్టాం. బిర్యానీకి ముందే ఇంత లోతైన మాట వినడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

తొలి సంరక్షణ కేంద్రంగా న్యాల్‌కల్ దగ్గర చెన్నబసప్ప మామిడితోటను ఎంపిక చేశారు. తోట నడుమ నిలువెత్తు పుట్ట ఉంది. అందులో ఒక ఉడుము, రెండు కప్పలు, లెక్కకు అందని తొండలు కాపురం ఉంటున్నాయి. ముప్పై ఏళ్లుగా వాటికీ చెన్నబసప్పకీ ఏ పేచీ లేదు. చైర్మన్ గారు తోట చుట్టూ తాడు కట్టించి, మనుషులు లోపలికి పోరాదని బోర్డు పెట్టించారు.

"సార్, కాయ ముదిరింది. వారంల తెంపకుంటే రాలిపోతది. ఏడాదికి మాకు గిదొక్కటే పంట," అన్నాడు చెన్నబసప్ప.

"జర ఓపిక పట్టు. ప్రారంభోత్సవం కానీ."

"ఎప్పుడు సార్?"

"పుట్ట డెవలప్ అయినంక."

డెవలప్‌మెంట్ పని చైర్మన్ గారి బామ్మర్ది వికాస్‌కి దక్కింది. ఆయనకు చేతనైంది సీసీ రోడ్డు ఒక్కటే. అందుకని పుట్టకూ సీసీ వేశాడు. దుమ్ము పోతుందని బొక్కలన్నీ పూడ్చి, నున్నగా సిమెంటు గిలాబు చేసి, పార్టీ రంగు కొట్టి, వారం రోజులు నీళ్లు పట్టించాడు. ఆ నాణ్యత చూసి నా కళ్లు చెమర్చాయి.

"తొలి తట్ట సిమెంటు పడంగనే ఉడుము కర్ణాటక దిక్కు పోయింది సార్. కప్పలు, తొండలు గూడ పోయినయి. ఇగ నన్ను తెంపుకోనియ్యున్రి," అన్నాడు చెన్నబసప్ప.

"జంతువులు లేవని నువ్వెట్ల చెప్తవ్? సర్వే కావాలె."

సర్వే పది రోజులు సాగింది. జంతువుల సంఖ్య సున్నా అని తేలింది. చైర్మన్ గారు మళ్లీ ప్రెస్‌మీట్ పెట్టారు.

"మన కేంద్రంల మనిషికీ జంతువుకీ ఒక్క కొట్లాట కాలే. దేశంల ఇంకెవరికైనా సాధ్యమైందా?"

విలేకరులందరం మళ్లీ చప్పట్లు కొట్టాం.

విజయోత్సవం తోట గేటు ముందే జరిగింది. లోపల రాలిన పండ్ల పులిసిన వాసన స్టేజీ దాకా కొడుతోంది. ఉత్తమ రైతు చెన్నబసప్పకు చైర్మన్ గారు శాలువా కప్పి, బజారులో తెప్పించిన మామిడిపండ్ల బుట్ట చేతిలో పెట్టారు. మాట్లాడమని నేనే మైకు అందించాను.

చెన్నబసప్ప ఒక పండు తీసి వాసన చూశాడు.

"మంచిగున్నయి సార్. ఏ ఊరివి?"