మూడో వాక్యం

ఆ రోజు ఉదయం వార్తలాయన పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకు స్టూడియోకి వెళ్లి, కెమెరా ముందు కుర్చీలోంచి లేచి, తలుపు దాకా పది అడుగులు నడిచి చూపించాలి. వినేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కానీ ఇరవై రెండేళ్లుగా సినిమాల్లోనూ సీరియళ్లలోనూ వార్తలు చదివే మనిషిగానే వేస్తూ వచ్చిన ఆయనకు అది సముద్రం ఈదడమంత పని. ఆయన్ను నడుము కింద చూసిన ప్రేక్షకుడు లేడు. పెళ్లిళ్లకు వెళ్తే చుట్టాలు ముందు ఆయన కాళ్ల వంక చూసి, ఉన్నాయని తేల్చుకున్నాక, అప్పుడు మొహం చూసి పలకరించేవాళ్లు.

ఆ ఇరవై రెండేళ్లలో ఆయన పద్నాలుగు విమానాలు కూల్చాడు. మూడు నగరాలను వరదలో ముంచాడు. ఒకసారి ఏకంగా సూర్యుణ్ణే ఆర్పేశాడు. అన్నీ రెండేసి వాక్యాల్లోనే. మూడో వాక్యానికి నోరు తెరిచేలోపు హీరో విసురుగా టీవీ కట్టేసి బయటికి పరిగెత్తేవాడు. దాంతో ఆయనకు అదే ఒంటబట్టింది. ఇంట్లో కూడా రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయేవాడు. "ఎవరూ కట్టెయ్యలేదు, కానివ్వండి" అని భార్య అంటేగానీ మూడోది బయటికి వచ్చేది కాదు.

ఇన్నాళ్లకు ఒక దర్శకుడు తండ్రి పాత్రకు ఆయన్ను పరీక్షిస్తానన్నాడు. తండ్రి పెద్ద అధికారి. కూతురు ఇల్లు విడిచి వెళ్తానంటే, ఆ తండ్రి లేచి వెళ్లి తనే తలుపు తీస్తాడు. కంట తడి రావాలి. సూటు వేసుకుని రమ్మన్నారు.

కోటు ఉంది. ఇబ్బందల్లా ప్యాంటుతోనే వచ్చింది. ఎప్పుడూ బల్ల వెనక పైజామాతో కూర్చునే మనిషికి అది దండగని, తొమ్మిదేళ్ల కిందటే బామ్మర్దికి ఇచ్చేశాడు. బామ్మర్ది ఉండేది కింద అంతస్తులోనే. పొద్దున్నే భార్య తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావకి ఇవాళ కాళ్లొచ్చాయిరా. ఆ ప్యాంటు పట్టుకురా."

ఇస్త్రీ చేయించి మరీ తొమ్మిదిన్నరకల్లా తెస్తానన్నాడు బామ్మర్ది.

అక్కడికి అంతా సవ్యంగానే ఉంది. ఆ నెల భవనం మంచిచెడ్డలు చూసే వంతు భార్యది. నీళ్ల ట్యాంకు కడగడానికి మనుషులు వచ్చారు. ఆమె చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. భవనంలో వాళ్లందరి ఫోన్ల గుంపులో ఆ ముక్క కాస్త చెప్పి పెట్టమని మొగుణ్ణి అడిగింది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా నీళ్లు రావు, ట్యాంకు కడుగుతున్నారు. అంతే చెప్పాల్సింది.

వార్తలాయన హాల్లో నడక సాధన చేస్తున్నాడు. చేతిలో కాగితాలు లేకపోతే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు అంతుపట్టడం లేదు. ఆ ధ్యాసలోనే ఫోన్ తీసుకుని, మాట రికార్డు చేసే మీట నొక్కిపట్టాడు. గొంతు దానంతటదే సవరించుకుంది.

"ఇప్పుడే అందిన వార్త, ఈ ఉదయం తొమ్మిది గంటల నుంచి నీటి సరఫరా పూర్తిగా నిలిచిపోనుంది. ప్రజలు ఆందోళన చెందవద్దని అధికారులు విజ్ఞప్తి చేశారు."

రెండు వాక్యాలయ్యాయి. అలవాటు చొప్పున ఆగాడు. మీట మీది వేలు కూడా లేచింది. సందేశం వెళ్లిపోయింది. ఆయన మళ్లీ నడకలో పడ్డాడు.

ఆ గొంతు ఆందోళన చెందవద్దంటే ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇరవై రెండేళ్లుగా జనం కళ్లారా చూస్తూనే ఉన్నారు. ఐదు నిమిషాల్లో భవనంలో ఉన్న కుళాయిలన్నీ తెరుచుకున్నాయి. బకెట్లు నిండాయి, గిన్నెలు నిండాయి, పూలకుండీల్లో మట్టి తీసేసి వాటినీ నింపారు. మూడో అంతస్తు డాక్టరుగారు పిల్లల స్కూలు సంచీలు తప్ప అన్నిట్లోనూ నీళ్లు పట్టారు. ఎవరో ఆ సందేశాన్ని పక్క భవనానికి పంపారు. అక్కడి నుంచి అది టీవీ వార్తగా వీధంతా తిరిగింది. పది కొట్టకముందే వీధి చివరి పెద్ద ట్యాంకు ఖాళీ అయింది. అలా ఆ వార్త నిజమైపోయింది.

ఈ సంగతేదీ తెలియని వార్తలాయనకు పది గంటలకు ప్యాంటు అందింది. ఇస్త్రీ మాట దేవుడెరుగు, నీళ్లు కారుతోంది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ" అంది వెనకే వచ్చిన బామ్మర్ది భార్య. "ఇక నీళ్లే రావని మీరే చెప్పారు కదా. ఉన్న బట్టలన్నీ ఒక్క వాయిలో ఉతికేశాను."

వార్తలాయన బామ్మర్ది వంక చూశాడు. బామ్మర్ది నీళ్లు నమిలాడు.

గోధుమరంగు ప్యాంటు ఉందిగా, అదే వేసుకోండంది భార్య. ఆయన ససేమిరా అన్నాడు. కాళ్లు మొదటిసారి తెరమీదికి వస్తూ వేరే బట్టలో రావడానికి వీల్లేదట. ఆ తడి ప్యాంటే ఎక్కించుకున్నాడు. బామ్మర్ది నడుముకు తగ్గట్టు వదులు చేయించిన ప్యాంటు అది. ఒక చేత్తో దాన్ని పట్టుకోక తప్పలేదు. ఆ విధంగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న చిక్కులో సగం తీరింది.

కిందికి దిగేసరికి వీధి నిండా జనం. ఖాళీ బిందెలతో కొందరు, నిండిన బిందెలకు కాపలాగా కొందరు. నిజం వార్తల ఛానెల్ వాళ్ల బండి కూడా వచ్చేసింది. మధ్యలో నీళ్ల సరఫరా ఉద్యోగి, బక్కపల్చటి మనిషి, చొక్కా నలిగిపోయి నిలబడి ఉన్నాడు. అతని కాలరు ఎవరి చేతిలోనో ఉంది. తనకేమీ తెలియదని అతను మొత్తుకుంటున్నాడు. టీవీలో చెప్పిన సంగతి నీకు తెలియకపోతే నీకు జీతం దేనికని జనం అడుగుతున్నారు. ఇంతలో అతని ఫోన్ మోగింది. పైఅధికారి. వీధిలో గొడవ ఆపలేకపోతే రేపటి నుంచి రావక్కర్లేదన్న మాట పక్కనున్న వాళ్లకు కూడా వినపడింది.

వార్తలాయనకు ఒక్క క్షణంలో అంతా బోధపడింది. గుండె జారి తడి ప్యాంటులో పడింది. అప్పటికే పది ఇరవై అయింది. ఆటో ఎదురుగా ఆగి ఉంది. తలొంచుకుని నాలుగడుగులు వేస్తే ఎక్కేయవచ్చు. మూడు వేశాడు కూడా. నాలుగో అడుగు పడలేదు. వెనక్కి తిరిగి జనంలోకి వచ్చాడు.

జనం దారిచ్చారు. ఆ వీధి మొత్తం మీద నీళ్లు కారుతున్నది ఆ ప్యాంటు ఒక్కటే. ఒకావిడ దాని వంక ఆశగా చూసింది కూడా.

విలేకరి పిల్ల మైకు పెట్టింది. కెమెరా ఆయన మీదికి తిరిగింది, తల నుంచి కాళ్ల దాకా.

"ఆయన్ను వదిలెయ్యండి, తప్పు నాది" అన్నాడు. "ఆ వార్త చదివింది నేను."

రెండు వాక్యాలయ్యాయి. ఆగాడు. ఎవరూ ఏదీ కట్టెయ్యలేదు. మైకు అక్కడే ఉంది. వీధంతా ఆయన నోటి వంకే చూస్తోంది. ఆయన చెయ్యి ప్యాంటు మీద బిగుసుకుంది. కిటికీలోంచి భార్య గొంతు వినిపించింది.

"కానివ్వండి."

"కడుగుతున్నది మా ట్యాంకు ఒక్కటే" అన్నాడు వార్తలాయన. ఈసారి గొంతు వార్తల గొంతు కాదు. "గంటన్నర పనమ్మా. ఆ మాట నేను చెప్పలేదు. మూడో మాట ఎప్పుడూ చెప్పనివ్వలేదు నన్ను, అలవాటు లేక మింగేశాను. మీరు కుళాయిలు కట్టేస్తే ఈ పెద్ద ట్యాంకు దానంతటదే నిండుతుంది. ఆ అబ్బాయి ఉద్యోగం తీసెయ్యకండి."

ఆయన చెంప మీద నీళ్లు కారాయి. కాలరు పట్టుకున్న చెయ్యి జారిపోయింది. కాసేపటికి ఒక్కొక్క ఇంట్లో కుళాయిలు మూతపడుతున్న చప్పుడు వినపడింది.

గొడవంతా సద్దుమణిగాక వార్తలాయన టైం చూసుకుంటే పదకొండూ పది. ఆశ వదులుకునే దర్శకుడికి ఫోన్ చేశాడు. రాలేకపోయానని చెప్పబోతుంటే అవతలి మనిషి చెప్పనివ్వలేదు. స్టూడియోలో అందరూ టీవీకి అతుక్కుపోయి ఆయన్నే చూశారట. ఏడవకుండా ఏడిచే తండ్రి కోసమే ఆరు నెలలుగా వెతుకుతున్నారట. పరీక్షా గిరీక్షా ఏమీ అక్కర్లేదు, పాత్ర ఆయనదే.

వార్తలాయన ఫోన్ చెవికి గట్టిగా ఆనించి, లేచి తలుపు దాకా నడిచే ఆ సన్నివేశం ఎప్పుడు తీస్తారని అడిగాడు.

"అది తీసేశాం సార్" అన్నాడు దర్శకుడు హుషారుగా. "మిమ్మల్ని చూశాక కథే మార్చేశాను. ఇప్పుడా తండ్రి టీవీలో వార్తలు చదువుతాడు. కూతురు ఎక్కడో ఉండి చూస్తుంది. నాలుగు నిమిషాలు మీరొక్కరే మాట్లాడతారు. ఆ అమ్మాయి టీవీ కట్టెయ్యదు."

"కూర్చునేనా?"

"కూర్చునే సార్. బల్ల వెనకాల."

సాయంత్రానికి వీధికి నీళ్లొచ్చాయి, ప్యాంటు ఆరింది. బామ్మర్ది వచ్చి పట్టుకెళ్లాడు.